తొమ్మిది బారల తాడు

ఫిబ్రవరి 11

అక్కకు,

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చేస్తే నీకు నచ్చని మాట నేనంటాను, నాకు నచ్చని మాట నువ్వంటావు, ఎవరో ఒకరం టక్కున పెట్టేస్తాం. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయడం కుదరదు కదా అని కాగితం తీశాను. బస్సు డ్రైవరు చేతికిస్తే కొండ చుట్టూ తిరిగి సాయంత్రానికి నీకు చేరుస్తాడు. ఆనకట్ట లేని రోజుల్లో అయితే పడవేసుకుని కబురు చల్లారకముందే మీ రేవులో దిగేదాన్ని.

ఆ డ్రైవరే చెప్పాడు, మీ ఇంటికి నీలం రంగు వేయించావట. లోపల కూడానట. ఆనకట్ట కింద పాముల్లాంటి మలుగు చేపల పిల్లలు నాచు పట్టినట్టు గోడకు అంటుకుని ఉన్నాయట. బావ దోమతెర గుడ్డతో తోడి బకెట్లకు ఎత్తుతున్నాడట. చేపల పెంపకందారు వ్యాను వేసుకుని నేరుగా మీ గుమ్మం ముందుకే వస్తున్నాడట. ఇన్ని 'అట'లు విన్నాక ఆ రోజు నాకు తిండి సహించలేదు. అబద్ధమెందుకు, కుళ్ళుకున్నాను.

ఇక నా సంగతి విను. గోడకు పైనున్న మాకు నది పోయి చెరువు మిగిలింది. కదలని నీళ్ళు. నాన్న పట్టిన చేపల్లో సగం రకాలు నా కంటబడి ఎన్నాళ్ళయిందో. రాళ్ళ సందుల్లో ఉండేవి పోయాయి, వరదకు ఎదురెక్కి ఎగిరేవి పోయాయి. ఎవరో తెచ్చి వదిలిన పెద్దనోటి చేపలు మాత్రం దొరికినదల్లా మింగి బలిసి తిరుగుతున్నాయి. తింటే బురద రుచి. మలుగులంటావా, గోడ కట్టకముందు పైకి చేరిన ముసలివే మిగిలాయి. వాటికి ఇక్కడ పిల్లలు పుట్టవు. సముద్రంలో పుట్టిన పిల్లలే సూదుల్లా నది వెంట ఎక్కి రావాలి, దారిలో ఈ గోడ. నా చేపల వేపుడు కొట్టు బోర్డు మీద పెయింటరు గీసిన మలుగు బొమ్మ గుర్తుందా, మహానుభావుడు దానికి కనురెప్పలు కూడా పెట్టాడు. వచ్చినవాళ్ళు బొమ్మ చూసి, పళ్ళెం చూసి, "అది లేదా అమ్మా?" అంటున్నారు. తొట్టిలో కొద్దిగా మిగిలాయి. అవి అయిపోతే బోర్డు దించేయాలి.

అందుకే నీతో పని పడింది. తడి గడ్డితాడు గోడ మీంచి నీళ్ళదాకా వేలాడదీస్తే మలుగు పిల్లలు దాని పోగులు పట్టుకుని పాకుతూ పైకొస్తాయని చేపల ఆఫీసు అమ్మాయి చెప్పింది. వెంటనే వెళ్ళి ఆనకట్ట ఇంజనీరును అడిగాను. ఆయన నవ్వాడు. "ఎడమ మూలలో వేసుకోండి. ఏప్రిల్ మొదట్లో నేనే వచ్చి చూస్తాను. పిల్లలు పైకి చేరితే ఆ మూల మీకే వదిలేస్తాను. చేరలేదనుకోండి, మరమ్మతుల్లో దాన్నీ నున్నగా సిమెంటు పూయించేస్తాను. మళ్ళీ నా దగ్గరికి రాకూడదు" అన్నాడు.

తాడు పేనడం నీకు తప్ప మనింట్లో ఎవరికొచ్చు? దారానికి రాయి కట్టి, పైన కమ్మీల దగ్గరనుంచి నీళ్ళదాకా దించి కొలిచాను. తొమ్మిది బారలు. చేతులు రెండూ పూర్తిగా చాపి, మోసం లేకుండా కొలిచాను. పేని పెట్టవూ.

బావను అడిగానని చెప్పు. నీలం రంగును కూడా అడిగానని చెప్పు.

నీ చెల్లి


ఫిబ్రవరి 18

ఒసే పొడుగుదానా,

నీ ఉత్తరం మధ్యలో పెట్టేయడం ఎందుకు కుదరదు? రెండుసార్లు పెట్టేసి పొయ్యి దగ్గరికి వెళ్ళొచ్చాను. అయినా మా ఇంటి రంగేమిటో ఆ డ్రైవరుకెందుకట? బస్సు నడుపుతున్నాడా, మా కిటికీల్లోకి తొంగి చూస్తున్నాడా? లోపల వేయించలేదు. ముందు గోడ ఒక్కటే. డబ్బా అడుగున మిగిలితే తలుపుకి పూశాం. నీకు చిన్నప్పటినుంచీ అంతే, నా పళ్ళెంలో ముక్కే పెద్దదిగా కనిపిస్తుంది.

నేను మాత్రం నీవాటి మీద ఎప్పుడైనా కళ్ళేశానా? వేశాను. వేయక ఎలా ఉంటాను? నాన్న పడవ నీకిచ్చాడు. నాకు చేతులు కాయలు కాసే తాళ్ళ పని ఇచ్చాడు. నీకు ఎత్తొచ్చింది, నాకు అమ్మమ్మ పొట్టితనమొచ్చింది. అటక మీంచి ఏది దించాలన్నా అందరూ నిన్నే పిలిచేవాళ్ళు, నన్ను కింద నిలబడి అందుకోమనేవాళ్ళు. గోడ కట్టాక చూడు, నీ వైపు రోడ్డేశారు, దీపాలు పెట్టారు, సెలవు రోజున కార్లు బారులు తీరి నీ కొట్టు ముందు ఆగుతున్నాయి. నా వైపుకేమొచ్చింది? కరెంటు యంత్రాలు తిప్పితే మెట్లదాకా నీళ్ళు, ఆపేస్తే ఇసుక. ఒడ్డున చేపలు పెట్టిన గుడ్లు ఎండిపోయి ఉప్పు చల్లినట్టుంటాయి. మీ బావ వట్టి వల దులుపుకుని ఇంటికొచ్చిన ఏళ్ళు ఎన్నో ఉన్నాయి. అప్పుడు నువ్వు బస్సెక్కి వచ్చి, "అక్కా, ఏం తింటున్నావ్?" అని అడిగావా?

ఇన్నాళ్ళకు ఒక్కటంటే ఒక్కటి వచ్చి నా గుమ్మం ముందు ఆగింది. దానికి కూడా తాడేసి పైకి లాక్కుంటానంటున్నావు. పైగా ఆ తాడు నేనే పేనాలి! నా బిడ్డను నేనే ముస్తాబు చేసి నీ మూకుట్లో వేయాలన్నమాట. పేనను.

నువ్వు మరిచిపోయి వెళ్ళిన వానకోటు ఇంకా నా కొట్టాంలో మేకుకు వేలాడుతోంది. అటూ ఇటూ తిరిగినప్పుడల్లా మొహానికి తగులుతోంది. వచ్చి తీసుకుపో.

మరిదిని అడిగానని చెప్పు. ఆయన నీతో ఎలా వేగుతున్నాడో తెలియదు.

అక్క


ఫిబ్రవరి 27

అక్కకు,

పేననన్నావుగా, సరే. నేనే పేనాను. దీంతోపాటు మూరెడు ముక్క పంపుతున్నాను, చూసి నవ్వుకో.

గడ్డి నానబెట్టాను. మీ మరిది ఒక కొస పట్టుకున్నాడు. నేను పురి పెట్టాను. ఆయన కొస ఆయన ఎటు తిప్పాడో, నా కొస నేనెటు తిప్పానో, రెండుసార్లు ఇద్దరం తాడుతోపాటు మెలిక పడిపోయాం. చివరికి నాలుగు బారలైంది, అరచేతులు బొబ్బలెక్కాయి. బకెట్లో నీళ్ళు పోసి, చేపల ఆఫీసు అమ్మాయి తెచ్చిన మలుగు పిల్లల్ని నాలుగింటిని వదిలి, తాడు ముంచి చూశాం. అవి దాన్ని వాసన చూసి, చుట్టూ తిరిగి, బకెట్ గోడనే పట్టుకుని ఎక్కబోయాయి. నా తాడు కంటే ప్లాస్టిక్కే నయమనిపించింది వాటికి.

పడవ నాకిచ్చాడని దెప్పావు. ఆ పడవ ఇప్పుడెక్కడుందో తెలుసా? కొట్టు వెనక బోర్లా పడి ఉంది, కింద కోళ్ళు పడుకుంటున్నాయి. పారే నీళ్ళు లేకపోతే ఆ పడవతో నేనేం చేసుకోను? నీ చేతిలో పని అయితే నీ చేతిలోనే ఉంది. చిన్నప్పుడు నేను తాడు పేనే కొక్కెం ముట్టుకోబోతే నాన్న, "నువ్వొద్దు, అక్కకు చెయ్యి తిరిగింది" అనేవాడు. నువ్వు నా వంక చూసి నవ్వేదానివి. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. ఎత్తుంటే ఏం లాభం, నాన్న పక్కన కూర్చున్నది నువ్వే కదా.

బావ దోమతెరకు ఏ లోటూ రాకూడదనే నువ్వు పేననన్నావని అర్థమైంది. పోనీలే. బోర్డు దించిన రోజున ఆ కనురెప్పల మలుగును నీకే పంపిస్తాను. నీలం గోడకు బాగుంటుంది.

చెల్లి


మార్చి 12

ఒసే,

ఆ ముక్క చూశాను. నవ్వలేదు. నాన్న చూసి ఉంటే ఏడ్చేవాడు.

అది తాడా? బడికి వెళ్ళే పిల్లకు అమ్మ కోపంతో బిగించిన జడ. అంత బిగిస్తే మలుగు పిల్ల ఎక్కడ పట్టుకుంటుందే? పురి వదులుగా ఉండాలి. పిల్ల తల దూర్చుకోవడానికి సందుండాలి, నడుం ఆన్చుకోవడానికి పోగు ఉండాలి. గడ్డి కొసలు కోసేయకుండా బయటికే వదిలేయాలి. ఆ ముక్కను బల్ల మీద పెట్టుకుని నాలుగు రోజులు చూశాను. ఫలానా ఆయన కూతురు పేనిందని ఈ వికారాన్ని ఆనకట్ట మీద వేలాడదీస్తే మనింటి పేరేం కావాలి? దాని కోసం పేనాను. నీ కోసం కాదు. నీ కొట్టు కోసం అసలే కాదు.

ఈ బస్సుకే చుట్ట పంపుతున్నాను. బరువుగా ఉంటుంది, మరిదిని పంపు. నువ్వు రాసినట్టు తొమ్మిది బారలు, తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి దానికి తగినంత కలిపి పేనాను. నా బారకు ఊళ్ళో ఇంతవరకు వంక పెట్టినవాడు లేడు. పీట ఎక్కి కొక్కేనికి తగిలించి, చేతులు చాపి నేనే కొలిచాను. పైన కమ్మీకి గట్టిగా కట్టి, ఎప్పుడూ తడిగా ఉండేలా నీళ్ళు కారుతూ ఉండనివ్వు. ఎండిందంటే ఒక్కటీ ఎక్కదు.

ఎడమ మూల నుంచి మీ బావ వల కూడా తీయించాను. అందుకు ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఆ ఒక్క మేలుకు నీకు థాంక్స్.

తాడు వేశాక చూడటానికి రమ్మని మాత్రం పిలవకు. నా ముందు నుంచి, నేను పేనిన తాడు మీద నడుచుకుంటూ, అవి నీ దగ్గరికి పోతుంటే నిలబడి చూసేంత పెద్ద మనసు నాకు లేదు. ఆ మూలకు నేను రాను.

అక్క


ఏప్రిల్ 4

అక్కకు,

నువ్వు ఇంత పని చేస్తావనుకోలేదు.

తాడు చూసినప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కొట్టు మూసేసి మీ మరిదీ నేనూ మోసుకెళ్ళి కట్టాం. గోడ మధ్యలో పొట్టలా ముందుకు వచ్చి ఉంటుంది కదా, పైనుంచి చూస్తే కింది కొస కనబడదు. తుంపర ఒకటి. నీ మాట మీద నమ్మకంతో రోజూ వెళ్ళి నీళ్ళ గొట్టం సరిచేసి, పైన కమ్మీ దగ్గర కూర్చుని ఎదురుచూశాను. ఒక్క పిల్ల రాలేదు. కాలం కాలేదేమోననుకున్నాను. గడ్డి వాసన పోవాలేమోననుకున్నాను. నీ మీద మాత్రం అనుమానం రాలేదు.

నిన్న ఇంజనీరు కింది రోడ్డు మీదుగా వచ్చాడు. పైకి వచ్చి ఏమన్నాడో తెలుసా? "ఏమ్మా, మీ చేపలు పాకుతాయన్నారు గానీ ఎగురుతాయని చెప్పలేదే!" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళంతా నవ్వారు. తాడు కొస నీళ్ళకు అందడం లేదట. మనిషెత్తు ఖాళీ ఉందట. కింద పిల్లలు కుప్పలుగా చేరి గోడను తడుముతున్నాయట, తాడేమో వాటి నెత్తి మీద గాలికి ఊగుతోందట.

తడిస్తే తాడు ఎంత కుంచించుకుపోతుందో నీకు తెలియదా? పుట్టినప్పటినుంచి తాళ్ళే పేనిన దానివి, మనిషెత్తు తప్పుతావా? పేననని ఒక్క మాట మీద ఉంటే బాగుండేది. పేని, పంపి, పేరు నిలబెట్టుకుని, కింది కొసలో నీ కసి తీర్చుకున్నావు. బావ దోమతెర ఇక హాయిగా ఆ మూలకే తెచ్చుకోవచ్చు.

సిమెంటు బస్తాలు దించారు. వచ్చే సోమవారం పూస్తారు. బోర్డు దించడానికి నిచ్చెన అడిగాను. అన్నట్టు నాకు నిచ్చెన అక్కర్లేదు కదా, పొడుగుదాన్ని.

ఇకమీదట నువ్వు నాకు రాయనక్కర్లేదు.


ఏప్రిల్ 5

చెల్లీ,

రాయొద్దన్నా రాస్తున్నాను. డ్రైవరును బండి ఆపి ఉంచమని కూర్చోబెట్టాను, గబగబా చదువు.

నీ ఉత్తరం చూడగానే ఒళ్ళు మండిపోయింది. నా బారకు వంక పెడుతుందా ఇది, పైన నాలుగు చుట్లు చుట్టి కట్టి నా మీద తోస్తుందా అనుకున్నాను. తగువు తేల్చుకుందామనే ఆ మూలకు బయల్దేరాను. రానని ఒట్టు పెట్టుకున్న మూలకు. ఆ తుంపరలో తడవకుండా మేకుకున్న నీ వానకోటు తగిలించుకున్నాను.

నువ్వు రాసింది నిజమే. పిల్లలు తడి గోడ మీద ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, జారి పడుతున్నాయి, మళ్ళీ ఎక్కుతున్నాయి. తాడు కొస పైన ఊగుతోంది. ఎంత తక్కువో చూద్దామని చెయ్యి పైకెత్తాను. చెయ్యి కనబడలేదు. కోటు చెయ్యి నా వేళ్ళు దాటి అరజానెడు కిందికి వేలాడింది. రెండో చెయ్యి చూశాను, అదీ అంతే. చేతులు రెండూ చాపి అక్కడే నిలబడిపోయాను. దారిన పోయేవాళ్ళు దిష్టిబొమ్మ అనుకుని ఉంటారు.

తొమ్మిది బారలని నువ్వు కొలిచింది నీ చేతులతో. నేను పేనింది నా చేతులతో. రెండు చేతులకూ కలిపి ఒక్కో బారకు జానెడు తగ్గింది. తొమ్మిదింటికి కలిపితే ఇంచుమించు నీ ఎత్తంత! నీ ఎత్తు చూసి జీవితమంతా ఏడ్చినదాన్ని, అసలు లెక్కేయాల్సిన చోట దాన్నే మరిచిపోయాను.

పొట్టిగా పేనాలన్న బుద్ధి పుట్టలేదా అంటే, పుట్టింది. పేనేటప్పుడు మూడుసార్లు పుట్టింది. కానీ పేనలేదు. అది నువ్వు నమ్మాలి. వేసిన మర్నాడు ఒక్కసారి వచ్చి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. కడుపుమంటతో రాలేదు. ఆ తప్పు మాత్రం నాదే.

ఇప్పుడు కొత్తది పేనే టైము లేదు, గడ్డి నానడానికే రెండు రోజులు. నువ్వు పేనిన ఆ జడ ఉందిగా, నాలుగు బారలది? దాని పురి సగం వెనక్కి తిప్పి వదులు చెయ్యి. గోళ్ళతో గీరి పోగులు బయటికి లాగు. దాన్ని కమ్మీకి కట్టి, దాని కొసకు నా తాడు కట్టి దించు. ముడి పక్కగా ఉండాలి, దారికి అడ్డం రాకూడదు. కింది కొస నేను పట్టుకుంటాను. మీ బావను కూడా లాక్కొస్తున్నాను, మాట్లాడకపోయినా మొయ్యగలడు.

ఈ సాయంత్రమే. నేను కింద నిలబడి ఉంటాను.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

కొట్టు నిండా జనం. బల్ల కింద కూర్చుని రాస్తున్నాను.

ఆ సాయంత్రం కింద నుంచి తాడు మూడుసార్లు గుంజావు చూడు, అప్పుడు నా చేతికి తగిలింది నువ్వేనని తెలిసింది. చిన్నప్పుడు పడవ తాడు గుంజి లేపేదానివి, అదే గుంజుడు. కోపం అప్పటికింకా పోలేదు. కానీ సగం తాడుతో పాటు జారిపోయింది.

మొదటి పిల్ల శనివారం పొద్దున వచ్చింది. దారప్పోగంత ఉంది. నీ తాడు మీద బాగానే వచ్చి, ముడి దగ్గర ఆగి, నా తాడు మొదలవగానే మొహం చిట్లించినట్టు అటూ ఇటూ చూసింది. "రావే తల్లీ, తాడు కాస్త మోటుదే గానీ మనసు మంచిదే" అని బతిమాలాను. వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆదివారానికి తాడు తాడంతా కదులుతోంది. ఇంజనీరును పిలుచుకొచ్చారు. ఆయన ఈసారి నవ్వలేదు. వంగి చూసి, ప్యాంటు తడుస్తున్నా లేవలేదు. బస్తాలు బండికెక్కించేశారు. గొట్టం శాశ్వతంగా బిగిస్తారట. ఈలోగా పై నీళ్ళలో ఆ పెద్దనోటి చేపలు కాచుకుని ఉంటాయని, పిల్లల్ని తడిగుడ్డలో పెట్టి పక్క వాగులోకి మోస్తున్నాం.

చేపల ఆఫీసు అమ్మాయిని అడిగాను: "ఇవి మా అక్క వైపు పిల్లలా, మా వైపు పిల్లలా?" "సముద్రంలో అందరి పిల్లలూ కలిసే పుడతాయండీ. ఏ నది నీళ్ళు తగిలితే ఆ నదిలోకి ఎక్కుతాయి" అంది. అయితే నువ్వూ నేనూ ఇన్నాళ్ళు ఎవరి పిల్లల కోసం జుట్టు పట్టుకున్నాం?

ఇంకోటి కూడా చెప్పింది. పెద్దవి గుడ్లు పెట్టడానికి సముద్రానికి దిగాలి కదా, వానల చివర దిగేటప్పుడు కరెంటు యంత్రాల రెక్కల్లో పడి ముక్కలవుతాయట. నా తొట్టిలో మిగిలిన ముసలివాటిని ఇక వేయించను. సముద్రానికి దిగే ఈడొచ్చి ఒళ్ళు వెండి రంగు తిరిగాక నేనే కిందికి తెస్తాను.

ఈ పిల్లలు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. బోర్డు దించలేదు. కనురెప్పల బొమ్మ కింద 'కొన్నేళ్ళు ఆగండి' అని రాయించాను. నవ్వుకుని లోపలికి వస్తున్నారు, ఉన్నది తిని పోతున్నారు.

అనరాని మాటలు రాశాను. నీ తాడు కిందా నా తాడు పైనా ఒకే వరసన వేలాడుతుంటే రోజూ చూడాల్సి వస్తోంది. ఇంకా కుళ్ళుగానే ఉంది.

నీ చెల్లి


సెప్టెంబరు 20

చెల్లీ,

తొట్టిలో నాలుగు వెండి రంగు తిరిగాయని డ్రైవరు చెప్పాడు. వాడికి తెలియనిది ఏమైనా ఉందా? మూత గట్టిగా కట్టి బస్సులో వెనక సీటు కింద పెట్టుకుని రా. వాటిని మా మెట్ల దగ్గర వదులుదాం. మీ బావ మాట్లాడుతున్నాడు, మొదటి మాట "ఆకలేస్తోంది" అన్నాడు. కుడి మూలలో వల వేస్తున్నాడు. వ్యాను ఎప్పుడో ఒకసారి వస్తోంది. నీలం రంగు అప్పుడే పెచ్చులూడుతోంది. ఈ మాట విని నీకు సంతోషమేస్తే ఒప్పుకో.

ఏప్రిల్ నెలంతా నేను ఆ మూలకు రోజూ వెళ్ళాను. నీకు చెప్పలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఇన్ని వేల పిల్లల్లో ఒక్కటైనా వెనక్కి తిరిగి నా వంక చూస్తుందేమోనని చూశాను. ఒక్కటీ చూడలేదు. పెళ్ళయి పడవెక్కినప్పుడు నువ్వూ అంతే. నేను రేవులో నిలబడే ఉన్నాను. నువ్వు ముందుకే చూస్తూ పోయావు. నా ఏడుపంతా పడవ కోసం అనుకున్నావా?

వచ్చే ఏడాదికి కొత్త తాడు పేనాలి. ఒకే తాడు, అతుకు లేకుండా. గడ్డి కోయించాను, నానబెట్టడానికి నీ కోసం ఆగాను. కొలత రాసి పంపకు. నువ్వే రా. నీ వానకోటు తీసుకుపోదువుగాని. కొట్టాంలో కొక్కెం పక్కన చేతులు చాపి నిలబడు. ఈ కొసనుంచి ఆ కొసకు తొమ్మిదిసార్లు నేను తాడు పట్టుకుని నీ ముందు నుంచి నడుస్తాను. దేవుడు నీకిచ్చిన ఆ పొడుగు చేతులు ఒక్కసారైనా నాకు పనికిరావాలి.

దగ్గరికి వచ్చాను కదా అని మధ్యలో చేతులు ముడిచి నన్ను పట్టుకునేవు, కొలత తప్పుతుంది. తొమ్మిదో బార అయ్యేదాకా ఆగు.

నీ పొట్టి అక్క